మెలికడ్డీపై నిలిచిన మోటారు బండి

ఎడ్లబండికి స్ప్రింగు లేదు. ఇరుసుపై పెట్టె, పెట్టెపై మనిషి. చక్రము రాతి నెక్కి దిగినప్పుడెల్ల ఆ దెబ్బ నేరుగా వెన్నెముకకు చేరును. జట్కాబండికి వంపు తిరిగిన ఇనుప పట్టీలు కలవు. లారీలకును అట్టి పట్టీలే ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన కట్టలుగా చక్రముల చెంత కానవచ్చును. మోటారు కార్లలో పెక్కింటికి చుట్టలు చుట్టిన తీగె స్ప్రింగు లుండును. వీనిని చూచిన పిల్లవానికి ఇది స్ప్రింగని ఎవ్వరును చెప్పనక్కఱలేదు. కాని కొన్ని కార్ల క్రింద వంగి చూచినచో పట్టీలును లేవు, చుట్టలును లేవు. బొటనవ్రేలి లావున తిన్నని ఉక్కుకడ్డీ యొకటి చట్రము నంటిపెట్టుకొని పడియుండును. చూపునకు అది ఏదో బిగింపు కొఱకు వేసిన కమ్మీవలె నుండునే గాని బండిని మోయు వస్తువువలె నుండదు. అయినను బండి బరువు దానిపైననే నిలిచి యున్నది. దీనిని టార్షన్ బార్ అందురు. మేమీ వ్యాసములో మెలికడ్డీ యని వ్యవహరింతుము.

పందెపు కార్లను గూర్చి మా విద్యార్థులకు గల యుత్సాహము మాకు తెలియనిది కాదు. ఏ బండి యెంత వేగముగా పోయెనో నోటిలెక్కగా చెప్పగలవారు ప్రతి తరగతిలోను కలరు. అంత వేగముగా పోవుచు ఆ బండి నేలను విడువక యుండుట యెట్లని అడుగువారు మాత్రము అరుదు. ఆ ప్రశ్నకు సమాధానములో సగము ఈ కడ్డీలో నున్నది. దానిని గ్రహించుటకు హైస్కూలు యంత్రశాస్త్రమును, భాగహారమును చాలును.

మొదట స్ప్రింగు ఎందులకో తెలిసికొనవలయును. కూర్చుండినవారికి కుదుపు తగులకుండుటకే యని సామాన్యముగా అనుకొందురు. అది సగము నిజము. చక్రమును నేలకు అదిమి యుంచుట దాని రెండవ పని. మా యభిప్రాయములో నదియే ముఖ్యమైనది. గాలిలోనున్న చక్రము బండిని ఆపజాలదు, త్రిప్పజాలదు. గతుకుల బాటపై వేగముగా పోవు బండికి అడ్డముగా పసివాడు వచ్చెననుకొనుడు. డ్రైవరు బ్రేకు త్రొక్కిన క్షణమున చక్రములు గతుకునుండి గతుకునకు ఎగురుచున్నచో, బ్రేకు ఎంత మంచిదైనను ఆ యెగిరినంతసేపు అది లేనట్లే. కావున సుఖమునకు మించిన విషయమిది.

చక్రము త్వరగా నేలకు తిరిగి రావలయునన్న అది తేలికగా నుండవలయును. బండి బరువును ఇంజనీర్లు రెండుగా విభజింతురు. స్ప్రింగుపై నిలిచినది ఒక భాగము: పెట్టె, యంత్రము, మనుష్యులు. స్ప్రింగునకు క్రిందనుండి చక్రముతోబాటు ఎగిరిపడునది రెండవ భాగము: చక్రము, టైరు, ఇరుసు, బ్రేకు, స్ప్రింగులో కొంత. ఈ రెండవ భాగము ఎంత తక్కువయైన అంత మేలు. ఒక చేతితో చెక్కబంతిని, ఇంకొక చేతితో ఇనుపగుండును పైకి క్రిందికి వేగముగా ఊపి చూచినచో ఏది మాట వినునో చేతికే తెలియును. పట్టీల కట్టతో వచ్చు చిక్కు ఇచ్చటనే యున్నది. అది స్వయముగా బరువైనది. ఆ బరువులో మంచి పాలు ఇరుసుతోబాటు ఎగిరిపడుచుండును. మెలికడ్డీ అట్లుగాక చట్రమున కంటుకొని యుండి తన చోటనే మెలిపడును. దాని కొననుండి బయలుదేరిన చిన్న చేయి యొకటి మాత్రము చక్రముతోబాటు పైకి క్రిందికి ఆడును.

ఇక మెలి యనగా నేమి? తడిబట్ట పిండునప్పుడు రెండు చేతులును ఎదురెదురుగా త్రిప్పుదుము. నూలునకు పురి యెక్కించుటయు నిట్టిదే. కడ్డీ యొక కొనను కదలకుండ బిగించి, రెండవ కొనను త్రిప్పినచో కడ్డీ మెలిపడును; విడిచిన వెంటనే తిరిగి యథాస్థితికి వచ్చును. కొనకు అడ్డముగా ఒక చేయి బిగించి, ఆ చేతి చివర చక్రమును అమర్చినచో స్ప్రింగు సిద్ధమైనది. చక్రము పైకి లేచినప్పుడు చేయి కడ్డీని మెలిపెట్టును. కడ్డీ ఆ మెలిని విప్పుకొనుచు చక్రమును నేలకు నొక్కును.

ఇంటివద్దనే యొక ప్రయోగము చేయవచ్చును. తోటకు నీరు పెట్టు రబ్బరు గొట్టము మూరెడు తీసికొని, దాని పొడవునను సుద్దతో తిన్నని గీత యొకటి గీయుడు. ఒక కొన పట్టుకొని రెండవ కొనను త్రిప్పుడు. గీత వంకరపోయి గొట్టముచుట్టు తీగె ప్రాకినట్లగును. ఆ గీత యెంత వాలినదో అంతగా గొట్టపు చర్మము లాగుడుపడినదని యర్థము. గట్టి కడ్డీ లోపల కూడ ఇట్లే జరుగును గాని, నడిమికి పోయినకొలది వాలు తగ్గుచు పోయి సరిగా నడుమ ఏమియు నుండదు. పైచర్మమే అధికముగా శ్రమపడును. ఈ మాట ముందు మఱల పనికివచ్చును.

ఫ్రాన్సు దేశీయుడగు కూలుంబు పేరు విద్యుత్పాఠములలో మనకు పరిచితమే. ఆయన విద్యుద్బలమును కొలుచుటకు పూర్వము సన్నని లోహపు తీగెలు మెలిపడు తీరును పరీక్షించి, 1784 లో ఆ ఫలితములను వెల్లడించెను. మెలిపెట్టుటకు వలయు బలము కోణమును బట్టి సమానముగా పెరుగును. తీగె పొడవును బట్టి తగ్గును. తీగె వ్యాసము యొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. మొదటి రెండును ఎవ్వరైనను ఊహింపగలరు. మూడవది వినినవారు ఆశ్చర్యపడుదురు. వ్యాసము రెండింతలైనచో బలము రెండింతలు గాదు, నాలుగింతలు గాదు, పదునాఱింతలు!

ఇది కంఠస్థము చేయవలసిన సూత్రము గాదు, ఆలోచించి తెలిసికొనదగినది. ఒక కడ్డీయు, దానికి రెండింతల లావుగల మఱియొక కడ్డీయు తీసికొని రెండింటిని ఒకే కోణమున మెలిపెట్టితిమనుకొందము. లావు కడ్డీ పైచర్మము నడిమినుండి రెండింతల దూరమున నున్నది గాన రెండింతలు వాలును; అనగా ప్రతి చదరపు మిల్లీమీటరును రెండింతల బలముతో ఎదిరించును. అట్టి చదరపు మిల్లీమీటర్లు నాలుగింతలున్నవి, ఏలన వైశాల్యము నాలుగింతలు. ఆ బలము పనిచేయు దూరమును రెండింతలే. రెండు, నాలుగు, రెండు: గుణించిన పదునాఱు. కూలుంబు తీగెలను వ్రేలాడదీసి కనుగొన్నదానిని మన మిచ్చట పలకపైననే కనుగొంటిమి.

ఇప్పుడొక లెక్క వేయుదము. 20 మి.మీ. వ్యాసము, 1 మీటరు పొడవు గల ఉక్కుకడ్డీకి 30 సెం.మీ. చేయి అడ్డముగా బిగించి, దాని చివర 300 కిలోల బరువు మోపినచో కడ్డీ సుమారు 40 డిగ్రీలు మెలిపడును. అదే కడ్డీని 22 మి.మీ. చేయుడు. పెరిగినది రెండే మిల్లీమీటర్లు, నూటికి పది. కాని 1.1 ను నాలుగుమార్లు గుణించిన 1.4641 వచ్చును గాన, గట్టితనము నూటికి నలువదియాఱు పెరుగును. అదే బరువునకు ఇప్పుడు మెలి 27½ డిగ్రీలే. కొలబద్దతో చూచిన గుర్తింపరాని భేదము, బండిలో కూర్చున్నవానికి మొదటి గతుకులోనే తెలియును. ఇట్టి కడ్డీ అరిగి మార్చవలసి వచ్చినప్పుడు 'ఇంచుమించు ఇదే లావు' అని వేఱొకటి తెచ్చి బిగింపరాదనుటకు ఇంతకంటె వేఱు సాక్ష్యము వలదు.

ఇంకొక సంగతి. నడుము భాగము పెద్దగా శ్రమపడుట లేదు గదా, దానిని తొలిచివేసిన నేమి? లోపలి రంధ్రము వెలుపలి వ్యాసములో సగముండునట్లు తొలిచితిమనుకొనుడు. బరువులో నాలుగవ వంతు పోయినది. గట్టితనములో పోయినది పదునాఱవ వంతు మాత్రమే. జొన్నకఱ్ఱకు, వెదురునకు బలము లోపలనుండిగాక పైపెంకునుండి వచ్చుట యిట్టిదే.

చుట్ట స్ప్రింగును గూర్చి కూడ ఒక్కమాట చెప్పక తప్పదు. దానిని నొక్కినప్పుడు తీగె వంగుచున్నదని చాలమంది భ్రమ. నిజమునకు ఆ తీగెలో జరుగునది ప్రధానముగా మెలియే. అనగా చుట్ట స్ప్రింగు అనునది పొడవైన మెలికడ్డీని స్థలము చాలక చుట్టి పెట్టినట్టిది. ఈ రెండింటికి గుణములో భేదము లేదు. భేదమంతయు చోటులో నున్నది. చుట్ట నిలువుగా చక్రము చెంతనే నిలువవలెను. కడ్డీ చట్రము వెంట పడుకొనగలదు, అడ్డుగా పోవు గొట్టములో దాగికొనగలదు. బండిని తక్కువ ఎత్తున, తక్కువ బరువున కట్టదలచినవానికి ఇది వరము.

అట్లు తలచినవారిలో ఫెర్డినాండ్ పోర్షే యొకడు. జర్మనీలోని ష్టుట్‌గార్ట్ నగరమున తన యంత్రనిర్మాణ కార్యాలయము స్థాపించిన 1931 వ సంవత్సరముననే ఆయన మెలికడ్డీ అమరికకు పేటెంటు కోరెను. మూడేండ్లు గడచునప్పటికి పందెములలో క్రొత్త నిబంధన వచ్చెను. 1934 మొదలు గ్రాండ్ ప్రీ బండి బరువు, డ్రైవరు, ఇంధనము, నూనె, నీరు, టైర్లు గాక, 750 కిలోలకు మించరాదు. వేగమును అదుపులో నుంచుటకు చేసిన యేర్పాటిది. ఫలితము వేఱుగా వచ్చెను. తూకపు యంత్రమునకు భయపడి ఇంజనీర్లు చట్రములోను, స్ప్రింగులలోను ప్రతి కిలోను తగ్గించి, మిగిలినదంతయు యంత్రబలమునకు వినియోగించిరి. పోర్షే ఆటో యూనియన్ సంస్థ కొఱకు నిర్మించిన బండికి పదునాఱు సిలిండర్ల యంత్రము డ్రైవరు వెనుక నుండెను. ముందు చక్రములను మెలికడ్డీలు మోసెను. మొదటి యేట వెనుక చక్రములకు అడ్డముగా వేసిన పట్టీ స్ప్రింగుండగా, 1935 లో దానిని తీసివేసి అక్కడను మెలికడ్డీలనే, చట్రపు గొట్టముల లోపల పెట్టిరి. (ఆ గొట్టములే మొదట యంత్రమునకు చల్లని నీటిని కూడ మోసెడివి. చిల్లులుపడి కారుచుండుటచే తరువాత ఆ పద్ధతి మానిరి. ఒక వస్తువుచే రెండు పనులు చేయించు ఆశకు హద్దుండవలెను.) వారి ప్రతిస్పర్ధి యగు మెర్సిడెస్ సంస్థ కూడ 1937 లో తన బండికి వెనుక వైపున మెలికడ్డీలను పొడవుగా అమర్చెను.

పందెపు బండ్లు కొన్నియే. అదే కడ్డీని పోర్షే సామాన్యుల కారు క్రింద పెట్టుటచే దానికి లోకప్రసిద్ధి కలిగెను. ఫోక్స్‌వ్యాగన్ అను ఆ చిన్న బండిని పురుగు ఆకారమును బట్టి బీటిల్ అని ముద్దుగా పిలిచిరి. 2003 లో మెక్సికో దేశపు ప్యూబ్లా నగరమున తుది బండి బయటికి వచ్చునప్పటికి నిర్మింపబడినవి రెండు కోట్ల పదునైదు లక్షలకు మించినవి. ముందు వైపున ఒకదానిపై నొకటిగా రెండు గొట్టములు అడ్డముగా పోవును. వానిలో గుండ్రని కడ్డీకి మాఱుగా సన్నని ఉక్కు పట్టీలను కట్టగా చేర్చి నడుమ బిగించిరి. 1970 తరువాత కొన్ని రకములకు ముందు చుట్ట స్ప్రింగులు వచ్చినను, వెనుక చక్రములను మాత్రము గుండ్రని కడ్డీలే తుదిదాక మోసినవి.

ఆ వెనుక కడ్డీలో మాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన విశేష మొకటి కలదు. గణితము నేర్చుటవలన లాభమేమని అడుగు విద్యార్థి దీనిని తప్పక చదువవలయును. కడ్డీ రెండు కొనలందును పొడవునను పండ్లు కోయబడి యుండును. లోపలి కొన చట్రపు గొట్టము నడుమనున్న పండ్లలోనికి, వెలుపలి కొన చక్రపు చేతిలోనికి దూరి బిగియును. బండి ఎత్తు సరిచేయవలసినచో కడ్డీని ఊడదీసి ఒక పంటి మేర త్రిప్పి పెట్టవలెను. లోపలి కొనకు 40 పండ్లు. ఒక పన్ను జరిపిన 360 లో నలువదవ వంతు, అనగా 9 డిగ్రీలు. చేయి 40 సెం.మీ. అనుకొన్నచో చివర కదలిక ఆఱు సెంటీమీటర్లకు పైబడును. ఇది మిక్కిలి మోటు సవరణ. బండి ఒక ప్రక్క బెత్తెడు లేచి కూర్చుండును. పండ్లు సన్నము చేయుదమన్న అంత బరువునకు అవి విఱిగిపోవును. ఏమి చేయవలెను?

వెలుపలి కొనకు 44 పండ్లు పెట్టిరి. అక్కడ ఒక పన్ను జరిపిన 8 డిగ్రీల 11 నిమిషములు. ఇప్పుడు లోపలి కొనను ఒక పన్ను ముందునకును, వెలుపలి కొనపై చేతిని ఒక పన్ను వెనుకకును జరిపినచో మిగులు భేదము 49 నిమిషములే, ఒక డిగ్రీకైనను తక్కువ. అదే 40 సెం.మీ. చేతి చివర ఆఱు మిల్లీమీటర్ల లోపు. మోటుగా నుండవలసిన పండ్లు మోటుగనే యున్నవి. సవరణ మాత్రము పదింతలు సూక్ష్మమైనది. 40 కిని 44 కిని క.సా.గు. 440 గాన, చేతిని నిలుపదగిన స్థానములు చుట్టును 440. మన ప్రయోగశాలలోని వెర్నియర్ కొలబద్ద చేయు పనియు నిదియే. దానిలో గీతలు, దీనిలో పండ్లు. అయిదవ తరగతిలో క.సా.గు. నేర్చునప్పుడు ఇది కారు క్రిందికి పోవునని ఏ పిల్లవాడును అనుకొనడు.

ఇతర దేశములవారును ఊరకుండలేదు. ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థ 1934 లో ముందు చక్రములే బండిని లాగునట్లు నిర్మించిన ట్రాక్షన్ అవాన్ కారునకు నాలుగు చక్రములకును మెలికడ్డీలే. అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1957 నుండి ముందు చక్రములకు వీనిని వాడెను. 1961 లో వచ్చిన రెనో 4 అను ఫ్రెంచి బండి కథ కొంత నవ్వు పుట్టించును. దాని వెనుక కడ్డీలు రెండును బండి వెడల్పంతయు ఆక్రమించునంత పొడవైనవి. ఒకే గీతపై రెండు ఇముడవు. కనుక ఒకదాని వెనుక నొకటిగా వేసిరి. తత్ఫలితముగా ఒక ప్రక్కన ముందు వెనుక చక్రముల నడిమి దూరము రెండవ ప్రక్కకంటె సుమారు అయిదు సెంటీమీటర్లు ఎక్కువ! చూచినవారు బండి ఎక్కడనో గుద్దుకొని వంకరపోయినదని తలంపవచ్చును. నడపినవారికి మాత్రము ఏ లోపమును కనబడలేదు. సౌష్ఠవము కంటికి ఇంపైనదే గాని, ప్రతిచోట అవసరమైనది కాదు.

మన దేశమునకు ఈ కడ్డీ ఇంగ్లండు మార్గమున వచ్చినది. 1948 లో వెలువడిన మారిస్ మైనర్, మారిస్ ఆక్స్‌ఫర్డ్ బండ్లకు ముందు చక్రములను మెలికడ్డీలు మోసెను. ఆ ఆక్స్‌ఫర్డ్ వంశములోని మూడవ తరము బండియే మన అంబాసిడర్. కలకత్తా చేరువ నున్న ఉత్తరపాడ కర్మాగారమున 1950 దశకము చివరినుండి 2014 వఱకు అది నిర్మింపబడినది. కలెక్టరు కచ్చేరీ ముందునను, రైలుస్టేషను టాక్సీల వరుసలోను దానిని చూడని తెలుగు పట్టణము లేకుండెను. మీ తండ్రులును తాతలును అందులో ప్రయాణము చేసియే యుందురు. దాని వెనుక ఇరుసునకు పట్టీల కట్టలు. ముందు వైపున మాత్రము చక్రపు చేతులనుండి చట్రము వెంట వెనుకకు పోవు రెండు తిన్నని కడ్డీలు. ఊరిలో ఇంకను ఒకటి మిగిలియున్నచో యజమాని అనుమతితో వంగి చూడుడు. అదే బండిలో స్ప్రింగుల చరిత్రలోని రెండు యుగములు ప్రక్కప్రక్కన కానవచ్చును.

కడ్డీ నిర్మాణము చూచుటకు సులభము, చేయుటకు కష్టము. పైచర్మమే అధికముగా శ్రమపడునని ముందు చెప్పితిమి. కావున ఆ చర్మముపై చిన్న గీటు పడినను, త్రుప్పు గుంట చేసినను, అక్కడనుండి సన్నని చీలిక మొదలగును. ఒక్కనాడు మోయలేని బరువు పడి కడ్డీ విఱుగుట అరుదు. మోయదగిన బరువే లక్షలమార్లు పడి లేచి, చీలికను వెంట్రుకవాసి చొప్పున లోపలికి నడిపి, తుదకు ఒకనాడు విఱుచును. దీనిని లోహపు అలసట యందురు. దీనికి విరుగుడుగా కడ్డీని చక్కగా నునుపుచేసి, దానిపై సన్నని ఉక్కు గుండ్లను వేగముగా చిమ్మి చర్మమును లోపలికి అదుముదురు. అదిమియున్న చర్మము చీలుట కష్టము. ఇంకొక ఉపాయము కలదు. కర్మాగారముననే కడ్డీని, అది బండిలో మెలిపడబోవు దిక్కుననే, మితిమీరి ఒకమారు మెలిపెట్టి విడుతురు. అప్పుడు పైచర్మములో ఎదురు బిగువు నిలిచిపోయి, బండి బరువు పడినప్పుడు ఆ మేరకు శ్రమ తగ్గును. అయితే ఎడమ ప్రక్క కడ్డీ ఒక దిక్కున, కుడి ప్రక్కది ఇంకొక దిక్కున మెలిపడును గదా. కాబట్టి అట్టి కడ్డీలపై ఎడమ కుడి గుర్తులు కొట్టియుందురు. రెండును కవలపిల్లలవలె నున్నను తారుమారు చేసినచో మేలు చేయవలసిన బిగువే కీడు చేయును.

కడ్డీ చేయలేని పని కూడ చెప్పవలెను. భౌతికశాస్త్ర గదిలో మేము సన్నని తీగెకు బరువు వ్రేలాడదీసి ఒకమారు త్రిప్పి విడిచి చూపుచుందుము. అది ఇటు నటు తిరుగుచు ఎంతసేపటికిని ఆగదు. గంట కొట్టిన తరువాతను కొందఱు విద్యార్థులు దానినే చూచుచు నిలుచుందురు. మెలికడ్డీయు నిట్టిదే, గతుకు దాటిన తరువాతను బండిని ఊయలవలె ఊపుచుండును. పట్టీల కట్టలో పట్టీ పట్టీతో ఒరసికొని ఆ యూపును కొంత ఆర్పును. కడ్డీలో ఒరసికొనునది ఏదియు లేదు. అందుచే చమురుతో పనిచేయు షాక్ అబ్జార్బరు వేఱుగా నుండి తీరవలెను. మంచి కడ్డీయు చెడిన షాక్ అబ్జార్బరును గల బండి, చక్రమును నేలపై నిలుపు విషయములో జట్కాకంటె మేలని చెప్పజాలము.

పందెపు మైదానమునకు మఱల పోవుదము. 1970 లో ఇంగ్లండునందలి లోటస్ సంస్థ తన 72 వ నమూనా బండిని బయటికి తెచ్చెను. కాలిన్ చాప్మన్, మారిస్ ఫిలిప్ అనువారలు దీని రూపకర్తలు. ఇందులో గొట్టములో కడ్డీ దూర్చి, ఒక కొనను రెండింటిని కలిపి బిగించిరి. మెలి గొట్టము వెంట పోయి, మఱల కడ్డీ వెంట తిరిగి వచ్చును గాన, కురుచ స్థలములో పొడవైన కడ్డీ ఫలము దక్కెను. చక్రముల తేలికదనము కొఱకు ముందు బ్రేకులను కూడ చక్రమునుండి తీసి బండి పెట్టెకు బిగించిరి. ఆలోచన సరియైనదే. ఎగిరిపడు బరువు ఇంకను తగ్గినది. కాని అప్పుడు బ్రేకునకును చక్రమునకును నడుమ ఒక ఇరుసు వలసివచ్చినది. బ్రేకు త్రొక్కిన ప్రతిసారియు ఆ యిరుసు మెలిపడవలెను.

ఆ యేడు సెప్టెంబరు 5 వ తేదీన ఇటలీలోని మోంజా మైదానమున, పందెమునకు ముందటి అభ్యాసములో, యోకెన్ రింట్ అను డ్రైవరు ఈ బండిని నడపుచు ప్రమాదమున మరణించెను. ముందరి బ్రేకు ఇరుసులలో నొకటి విఱుగుటయే ప్రమాదమునకు మొదలనియు, ప్రాణము పోవుటకు బాట ప్రక్కన కట్టిన అడ్డుకమ్మీలు సరిగా బిగింపబడకపోవుట కారణమనియు విచారించినవారు తేల్చిరి. అప్పటికే ఆయన అయిదు పందెములు గెలిచియుండెను. మిగిలిన పందెములలో ఎవ్వరును ఆయన మార్కులను దాటలేకపోయిరి. కాబట్టి ఆ సంవత్సరపు ప్రపంచ విజేత బిరుదము చనిపోయినవానికే దక్కెను. ఫార్ములా వన్ చరిత్రలో అట్లు జరిగినది ఆ యొక్కసారియే. ఒకే బండిలో మెలిపడు ఉక్కు రెండు చోట్ల పనిచేసినది. బరువు మోయు కడ్డీ మెలిపడుటకే చేయబడి, ఎంత మెలిపడునో లెక్కింపబడి, తన పని తాను చేసినది. బ్రేకు ఇరుసు తేలికగా నుండుటకు చేయబడినది. మెలి దానిని కనిపెట్టినది. ఆ నమూనా బండ్లే తరువాత సవరింపబడి 1972 లోను డ్రైవరు బిరుదమును, 1973 లోను నిర్మాతల బిరుదమును గెలిచినవి. ఆ గెలుపుల పట్టికలను చూచువారు మోంజాను మఱువరాదని మా మనవి.

నేడు క్రొత్త కార్లలో బరువు మోయు మెలికడ్డీ అరుదైపోయినది. పోర్షే పేరు మోయు 911 కారు సైతము 1964 నుండి దీనిపైననే నడచి, 1989 లో వచ్చిన క్రొత్త నమూనాతో చుట్ట స్ప్రింగులకు మాఱినది. కారణము గుణలోపము గాదు. కడ్డీకి పొడవున చోటు కావలెను. పండ్లు కోయుట ఖర్చుతో కూడిన పని. చుట్ట స్ప్రింగును, షాక్ అబ్జార్బరును ఒకే నిలువు కంబముగా కలిపిన మాక్‌ఫర్సన్ అమరిక చవుకగా వచ్చును. యంత్రము అడ్డముగా నుండు చిన్న కార్లలో చక్కగా ఇముడును. అయినను కడ్డీ మాయము కాలేదు. మలుపులో కారు ఒక ప్రక్కకు ఒరగకుండ రెండు చక్రములను కలుపుచు అడ్డముగా పోవు వంపు కడ్డీ యొకటి నేటి కార్లలో పెక్కింటికి కలదు. అది మెలిపడియే పనిచేయును. ఫార్ములా వన్ బండ్లలో అఱచేతి పొడవుకు కొంచెము మించిన కురుచ కడ్డీలు నేటికిని బరువు మోయుచున్నవి. యుద్ధపు ట్యాంకులలోనైతే దీనిదే పెద్ద రాజ్యము. అమెరికావారి అబ్రమ్స్ ట్యాంకును, మన సైన్యమునకు మద్రాసు చేరువనున్న ఆవడిలో తయారైన టి-72 ట్యాంకును కడుపు క్రింద అడ్డముగా పరచిన మెలికడ్డీలపై నిలిచినవే. అట్టి ట్యాంకు నలువది టన్నులకు మించి తూగును. దాని కడ్డీ ఎంత లావుండవలెనో నాలుగవ ఘాతపు సూత్రముతో లెక్కించి చూడగోరు విద్యార్థులు తమ లెక్కలను మాకు తెచ్చి చూపవచ్చును.